పెద్ద చేపల్ని వదిలేసిన దొంగ

"ఆ వల మీదేనా?"

"నాదేనండి."

"మొన్న తెల్లవారుజామున దాన్ని సైకిలుకి కట్టుకుని ఈ కట్ట మీంచి వెళ్ళింది మీరేనా?"

నరసరాజు చెరువు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నాకు చెప్పకపోతే పోనీండి," అన్నాడు భీమశంకరం నశ్యం డబ్బీ మూత తీస్తూ. "రెండో షిఫ్టు సైరన్ మోగేలోగా మీ సెక్యూరిటీ ఆఫీసరు ఇక్కడికొస్తాడు. ఆయన ఇంత మర్యాదగా అడగడు."

"నేనేనండి," అన్నాడు నరసరాజు.

భీమశంకరం ఎడమ ముక్కులో ఓ పట్టు, కుడి ముక్కులో ఓ పట్టు పట్టించి, కళ్ళు మూసుకుని తుమ్ము కోసం ఎదురుచూశాడు. చేపల గురించి ఆయనకి తెలిసింది ఒక్కటే, అవి నీళ్ళలో ఉంటాయని. పప్పూ చారూ పెరుగూ తప్ప మరో రుచి ఎరగని ఇంట్లో పుట్టి, అంతకంటే నిష్ఠగల ఇంటి పిల్లని చేసుకున్న మనిషి. సంగారెడ్డిలో ఆయన ఇంటి గుమ్మానికి 'ప్రైవేట్ డిటెక్టివ్' అన్న బోర్డు చూసి నవ్వుకున్నవాళ్ళే తర్వాత్తర్వాత పక్కసందులోంచి వచ్చి తలుపు తట్టేవారు. నిన్న సాయంత్రం తట్టింది ఈ నరసరాజు భార్య కమలాకుమారి. చేపల కేసని వినగానే లోపల్నుంచి ఆయన భార్య హైమావతి ఒక్కసారి దగ్గింది. ఆ దగ్గుకి అర్థం ఆయనకి తెలుసు. కానీ కమలాకుమారి కళ్ళనీళ్ళు చూశాక కాదనలేకపోయాడు.

సంగతి ఇది. పటేల్‌గూడ పక్కన కొమురయ్య, ఐలన్న అని ఇద్దరు అన్నదమ్ములకి ఉమ్మడి పొలం ఉంది. అందులో చౌడు పట్టి జొన్న కూడా మొలవని పల్లపు మడి ఒకటి. అందులో చేపల చెరువు తవ్వుదామన్నది తమ్ముడు. వల్లకాదన్నది అన్న. ఎలా తవ్వాలో దగ్గరుండి చెప్పింది నరసరాజు. పశ్చిమగోదావరి నుంచి వచ్చి ఇక్కడి పెద్ద కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు, ఇంకా ప్రొబేషన్ గడవలేదు. వానలు మొదలవగానే అతనే బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని రెండు వేలు తెప్పించి చెరువులో వదిలాడు. నిన్న పొద్దున ఐలన్న సరదాపడి పక్కూరి చేపలవాళ్ళని పిలిపించి, ఊరందరి ముందూ వల లాగిస్తే పట్టుమని ముప్పై చేపలు రాలేదు.

కొమురయ్య అట్నుంచటే కర్మాగారం గేటుకి వెళ్ళి, మీ పనోడు మా చేపలు ఎత్తుకపోయిండని ఫిర్యాదు రాయించి వేలిముద్ర వేశాడు. సెక్యూరిటీ ఆఫీసరు నరసరాజు క్వార్టరు వెతికితే పెరట్లో ఇంకా తడి ఆరని వల దొరికింది. ఈవాళ రెండో షిఫ్టులోగా సంగతి తేలకపోతే దొంగతనం రిపోర్టు పైకి పోతుంది. ప్రొబేషన్లో ఉన్నవాడి మీద అలాంటి కాగితం పోయాక గేటు లోపలికి రానిచ్చేవాడెవడూ ఉండడు.

తుమ్ము వచ్చింది. భీమశంకరం హాయిగా కళ్ళు తెరిచాడు.

"వల వేశారు. ఏం దొరికాయి?"

"నిన్న వాళ్ళకి దొరికినవే నాకూ దొరికాయండి. అన్నీ మళ్ళీ నీళ్ళలోకే వదిలేశాను. నా పిల్లల మీద ఒట్టు."

"మరి చేపలు లేవని అప్పుడే ఐలన్నకి ఎందుకు చెప్పలేదు?"

నరసరాజు ముఖం కందిపోయింది. "ఎలా చెప్పమంటారండీ? మా ఊళ్ళో బొడ్డు ఊడకముందే వల చేతికిస్తారని ఐలన్నతో గొప్పలు పోయాను. నా మాట మీద అన్నతో తగువు పడి మరీ తవ్వించాడండి. మా బావమరిది చేత ఇంకో వెయ్యి పిల్లల్ని తెప్పించి ఎవరూ చూడకుండా వదిలేద్దామనుకున్నాను. ఇంతలో ఇతను చేపలవాళ్ళని తీసుకొచ్చేశాడు."

"చేపలు లేవని మీకు మొన్ననే అనుమానం ఎందుకొచ్చింది?"

నరసరాజు నీళ్ళలో పాతిన కర్రని చూపించాడు. దానికి చిల్లులు పొడిచిన గోనెసంచి ఒకటి వేలాడుతోంది. "తవుడూ వేరుశనగ చెక్కా కలిపి అందులో కట్టి దింపుతానండి. చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. మొదట్లో సాయంత్రానికల్లా సంచి ఖాళీ అయ్యేది. తర్వాత మిగలడం మొదలెట్టింది. నీళ్ళలో ఏదో తేడా అనుకుని సున్నం చల్లాను. అయినా రోజురోజుకీ ఎక్కువ మిగులుతోందండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానలు ముదిరిన దగ్గర్నుంచీనండి."

భీమశంకరం తల పంకించాడు. ఈ మనిషి అబద్ధం ఆడటం లేదని ఆయనకి ఒక పక్క సంతోషంగా ఉంది. నిజం చెప్పే మనిషిని కాపాడటం కొంచెం తేలిక. ఆ నిజాన్ని ఎదుటివాడి చేత ఒప్పించడమే కష్టం.

చెరువుకి ఎగువన గట్టు మీద ఐలన్న నిలబడి ఉన్నాడు. నిన్నటి నుంచి అన్నం ముట్టని మనిషిలా ఉన్నాడు. భీమశంకరం పిలిస్తే వచ్చి, నిన్న పట్టిన చేపల్ని వదిలిపెట్టిన నీళ్ళ గాబు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"గివ్వే సారూ. రెండు వేలు ఏసినం. గిన్ని మిగిలినయ్."

"ఒకటి తీసి నీ జానతో కొలిచి చూడు."

"మీరు పట్టరా?"

"చూస్తాను. పట్టడం నీ వంతు."

ఐలన్న చేప తర్వాత చేప తీసి కొలిచాడు. జానెడుకి తక్కువది ఒక్కటి లేదు. రెండింటికి తోక అంచు చిరిగిపోయి ఉంది. భీమశంకరం రుమాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని వంగి ఆ తోకల్ని చూశాడు. గాబు దగ్గర నీచువాసన బాగానే ఉండాలి. నశ్యం పుణ్యమా అని ఆయనకి తెలియలేదు.

"నరసరాజు తీశాడని నువ్వు నమ్ముతున్నావా?"

"నేను నమ్మ సారూ. ఆయన గీ చెరువు తవ్వేటప్పుడు మాతోని మట్టి మోసిండు. డ్యూటీ దిగి వచ్చి, నిద్ర పోకుంట. గసొంటి మనిషి దొంగతనం చేస్తడా? కానీ అన్న ఇంటలేడు. ఇగ పూడ్చెయ్యి ఈ గుంతను అంటున్నడు."

"మీ అన్న ఏడీ?"

ఐలన్న దూరంగా పొలం గట్టు చూపించాడు. తలకి రుమాలు చుట్టుకున్న పెద్దాయన మోదుగాకులో పొగాకు చుట్టుకుంటూ అక్కడ కూర్చుని ఉన్నాడు. భీమశంకరం బురదలో చెప్పులు కూరుకుపోతుంటే తిట్టుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"కొమురయ్యా, అక్కడికొచ్చి మాట్లాడదామా?"

"నేను ఆ కట్ట ఎక్క. ఎక్కనని ఒట్టు పెట్టుకున్న." కొమురయ్య చుట్ట కొసని పళ్ళతో నలిపి చదును చేసి వెలిగించాడు. "మా నాయిన తవ్విన మోటబాయి ఉండె గాడ. నా తమ్ముడు, ఆ రాజు కలిసి దాన్ని పూడ్చిండ్రు. చెరువు మట్టి ఎక్కడ పొయ్యాల్నని బాయిల పోసిండ్రు. చెరువు నిండిన కాడికెంచి ఒక్కనాడు కాలు పెట్టలె."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కపారి గూడ. నిన్న వల గుంజినప్పుడు గూడ గీడికెంచే సూసిన."

"మరి చేపలు పోతే మీకెందుకంత కోపం?"

కొమురయ్య పొగ వదిలి మొహం తిప్పుకున్నాడు. "దొంగతనం దొంగతనమే గద సారూ," అన్నాడు.

భీమశంకరం మళ్ళీ కట్ట మీదికి వచ్చి నెమ్మదిగా చుట్టూ తిరిగాడు. లావుపాటి మనిషి కాబట్టి నెమ్మదిగానే తిరగాలి. తూము రాయి పక్కన ఆగి, కింద పడి ఉన్న మోదుగాకు చుట్టపీకల్ని నాలుగైదు ఏరి రుమాలులో కట్టుకున్నాడు. కొన్ని పాతవి, కొన్ని నిన్నటివి. అన్నిటి కొసలూ పళ్ళతో నలిపి చదును చేసినవే. ఇంకొంచెం ముందుకెళ్తే కంచెలో ఒక కుండ బోర్లించి ఉంది. దాని మెడకి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ నిండా ముల్లుతో పొడిచిన చిన్నచిన్న చిల్లులు. లోపల సగం దాకా పాకుడు చార ఎండి అతుక్కుని ఉంది. కుండలో ఉంచింది నీళ్ళు ఒక్కటే అయితే దానికి గాలి ఆడాల్సిన పనిలేదు. బయటికి దూకుతుందని మూతి కట్టాల్సిన పనీ లేదు.

ఆయన కుండ చేతిలో పట్టుకుని చెవులు రిక్కించాడు. రాత్రి వాన పడింది. పక్క వరిమడిలో కప్పలు చెవులు దిబ్బళ్ళు పడేలా అరుస్తున్నాయి. ఇంత చెరువులో మాత్రం ఒక్క కప్ప కూడా కిక్కురుమనడం లేదు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది.

సెక్యూరిటీ ఆఫీసరు సూర్యప్రకాశరావు మిలటరీలో పనిచేసి వచ్చిన మనిషి. మీసాలకీ బూట్లకీ రోజూ ఒకే శ్రద్ధతో మెరుగు పెడతాడు. కిందటేడు కర్మాగారంలో రాగి తీగ మాయమైన కేసులో భీమశంకరం ఆయన కంటే ముందు దొంగని చూపించాడు. ఆ ముల్లు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"ఓహో, శాస్త్రులుగారు! చేపల కేసులో కూడా వేలు పెట్టారా? ఇంటికెళ్ళి ఎన్ని బిందెల స్నానం చెయ్యాలో!"

"వేలు పెట్టలేదండి. చూస్తున్నానంతే," అన్నాడు భీమశంకరం. "రిపోర్టు రాశారా?"

"రాసి జేబులో పెట్టుకున్నా. వల ఉంది. వలలో పొలుసులున్నాయి. పొద్దున్నే చూసిన సాక్షి ఉన్నాడు. సొంతదారుడి ఫిర్యాదు ఉంది. ఇంకేం కావాలి?"

"దొంగ కావాలి."

"వీడే దొంగ!" సూర్యప్రకాశరావు చేతిలో బెత్తంతో నరసరాజుని చూపించాడు. నరసరాజు తలొంచుకున్నాడు. కొమురయ్య దూరం నుంచే లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పండి ఆఫీసర్ గారూ. మీరే దొంగ అనుకోండి."

"మర్యాదగా మాట్లాడండి."

"ఊరికే అనుకోండి. రాత్రిపూట వల వేశారు. పెద్దవీ చిన్నవీ పడ్డాయి. ఏవి పట్టుకెళ్తారు?"

"పెద్దవే పట్టుకెళ్తాను. అదీ ఒక ప్రశ్నేనా?"

"ఈ దొంగ పెద్దవాటిని వదిలేశాడు. గాబులో చూడండి, జానెడుకి తక్కువది ఒక్కటి లేదు. చిన్నవాటన్నిటినీ ఏరేరి పట్టుకెళ్ళాడు."

సూర్యప్రకాశరావు గాబు వైపు మెడ చాచి చూశాడు. "పిల్లల్ని ప్రాణాలతో ఇంకో చెరువువాడికి అమ్ముకున్నాడు. పెద్దవి దారిలోనే చస్తాయి, చిన్నవి బతుకుతాయి. మీకు చేపల సంగతి తెలీదు శంకరంగారూ."

"నిజమే, తెలీదు. అందుకే తిండి సంగతి అడిగాను. తిండి గురించి నాకు బాగా తెలుసు." భీమశంకరం పొట్ట నిమురుకున్నాడు. "మొన్న తెల్లవారుజామున చేపలు పోయుంటే, తిండి మొన్నటి నుంచి మిగలాలి. ఇక్కడ వానలు ముదిరినప్పటి నుంచీ మిగులుతోంది. రోజుకి కొంచెం కొంచెం ఎక్కువ. అంటే దొంగ రోజూ వస్తున్నాడు. వచ్చి తనకి కావలసినన్ని పట్టుకుపోతున్నాడు. అంత ఓపికగల దొంగని మీ సర్వీసులో చూశారా?"

"తిండి మిగిలిందని చెప్పిందెవరు? దొంగే కదా!"

"సంచి పైకి లాగి చూడండి. అడుగున చెక్క బూజు పట్టి గడ్డకట్టింది. బూజుని ఒక్క రాత్రిలో ఎవడూ తయారు చెయ్యలేడు. పైగా ఈ దొంగ కప్పల్ని కూడా వదల్లేదు."

"కప్పలా?"

"వినండి."

ఆఫీసరు విన్నాడు. వరిమడి అరుస్తోంది, చెరువు నోరు మూసుకుని ఉంది. ఆయన మీసం ఒకసారి దువ్వుకుని గడియారం చూసుకున్నాడు. "కప్పలు అరవలేదని రిపోర్టు ఆపితే మా మేనేజరు నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తాడు. సైరన్ దాకా టైమిస్తున్నా. అప్పటికి మీ కప్పల దొంగని నా ముందు నిలబెట్టండి. లేకపోతే ఈ కాగితం పోతుంది."

"అప్పటిదాకా అక్కర్లేదేమో," అన్నాడు భీమశంకరం. కుండ చంకన పెట్టుకుని పశువుల కొట్టం వైపు నడిచాడు.

కొట్టం వెనక పెంటకుప్ప దగ్గర ఒక ముసలామె చిన్న పుల్లతో తవ్వుతూ, వానపాము ఎరల్ని ఏరి చిప్పలో వేసుకుంటోంది. ఆమె రాజవ్వ, అన్నదమ్ములిద్దరి తల్లి. భీమశంకరం చేతిలో కుండని చూడగానే చిప్ప పక్కన పెట్టేసి కొంగు సర్దుకుంది.

"ఈ కుండ నీదేనా అవ్వా?"

"నాదే బిడ్డా. గది నీకేడ దొరికింది?"

"కంచెలో. ఇందులో ఏం తెచ్చావు?"

రాజవ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "రాజు సారుకు చెప్పకు. ఆయన నీళ్లల్ల ఏం ఎయ్యొద్దన్నడు. పువ్వు గూడ ఎయ్యొద్దన్నడు. కానీ బిడ్డా, కొత్త నీళ్లు కండ్ల పడ్డంక పాత బాయి బొమ్మెల్ని తెచ్చి ఇడువాలె. మా అత్త గట్లనే చేసింది, ఆమె అత్త గట్లనే చేసింది. ఒట్టి నీళ్లు ఉంచుతరా? పొత్తు లేని నీళ్లు ఎన్నడు నిలువయ్."

"బొమ్మెలంటే?"

"చాపలు బిడ్డా! చాపలన్నిట్ల బొమ్మె చాపే రాజు. మోటబాయి తవ్వినప్పుడు మా పెనిమిటి ఏసిండు, వాటి పిల్లలు, పిల్లల పిల్లలు గండ్లనే బతికినయ్. బాయి పూడ్చెటప్పుడు నీళ్లన్ని ఎత్తిపోసిన్రు గద, బురదల దొరికినయ్. రెండు జోడీలు తెచ్చి గీ కుండల దాసిన. చెరువు నిండినంక పసుపు కుంకుమ ఏసి, పొద్దు పొడవకముందే పొయ్యి ఇడిసిపెట్టి వచ్చిన. ఎవ్వలకు చెప్పలె."

ఆమె ముఖంలో అంత సంబరం చూసి భీమశంకరానికి తర్వాతి ప్రశ్న అడగబుద్ధి కాలేదు. అయినా అడగాలి. అక్కడ ఒక మనిషి ఉద్యోగం జీపులో కూర్చుని ఉంది.

"అవి ఏం తింటాయవ్వా?"

"ఏం దొరికితే గది. కప్పలు, పురుగులు. నేను రోజు పొద్దుగాల ఇన్ని ఎరలు తీస్కపోయి ఏస్త. రాయి మీద చెంబుతోని కొడితే వస్తయ్. గంత పెద్ద పానాలకు గీ ఎరలు ఏం సరిపోతయని నాకు ఒకటే రంది."

"సరిపోలేదవ్వా," అన్నాడు భీమశంకరం మెల్లగా. "చెంబు తీసుకుని నాతో వస్తావా? నీ కొడుకులకి ఒకసారి వాటిని చూపిద్దాం."

ఆమె రానంది, రాజు సారు కోప్పడతాడంది. కోప్పడడని తాను హామీ ఉంటానన్నాక లేచింది.

వాళ్ళు కట్ట ఎక్కేసరికి సూర్యప్రకాశరావు జీపు బానెట్ మీద బెత్తంతో దరువేస్తున్నాడు. "ఏడండీ దొంగ? ఈ ముసలమ్మేనా?"

"కాస్త ఇలా నీళ్ళలోకి దిగే మెట్టు దగ్గరికి రండి. నరసరాజూ, మీరూ రండి. ఐలన్నా, నువ్వూ."

రాజవ్వ చివరి మెట్టు మీద కూర్చుని చెంబుతో రాతిని టక్ టక్ మని కొట్టింది. ఏమీ జరగలేదు. ఆఫీసరు నవ్వబోయాడు. ఆమె మళ్ళీ కొట్టి, చిప్పలోంచి గుప్పెడు ఎరలు నీళ్ళలో విసిరింది.

కట్ట అవతల పాత బావి పూడ్చిన వైపు మూల నీళ్ళు కదిలాయి. ఆ కదలిక తిన్నగా మెట్టు దాకా వచ్చింది. తర్వాత మూరెడు పొడుగున నల్లటి వీపు ఒకటి పైకి తేలి, పాముతలలాంటి తల ఎత్తి, ఎరల్ని ఒక్క గుటకలో మింగింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది. సూర్యప్రకాశరావు రెండడుగులు వెనక్కి వేశాడు, పాలిష్ పెట్టిన బూటు బురదలో దిగబడింది.

"కొరమీను!" అని కేకపెట్టి నరసరాజు కట్ట మీద చతికిలబడ్డాడు. "ఓరి దేవుడా, కొరమీను! ఇదెక్కణ్ణుంచి వచ్చిందండీ? కొత్తగా తవ్విన చెరువు, కాలవా లేదు వాగూ లేదు. చేపల చెరువులో పడకూడని చేపంటే ఇదేనండి. పిల్లల్ని మిగలనివ్వదు. అసలిది ఉంటుందని కలలో కూడా అనుకోలేదు!"

"పెద్దవాటిని ఎందుకు వదిలేశాడో చూశారు కదా ఆఫీసర్ గారూ," అన్నాడు భీమశంకరం. "దొంగ నోట్లో పట్టలేదు, అంతే. రెండు మాత్రం తోకలు చింపుకుని బయటపడ్డాయి."

"మరి నిన్న వలలో ఎందుకు పడలేదు?"

"బొమ్మె వలకు దొరుకుతదా సారూ? బురదల జొచ్చి పంటది," అన్నాడు ఐలన్న. అని, తల్లి వైపు తిరిగాడు. "నువ్వు ఇడిసినవా అవ్వా?"

రాజవ్వ అందరి మొహాలూ చూసింది. నరసరాజు అన్న మాటలు ఆమెకి ఒక్కొక్కటే అర్థమయ్యాయి. చేతిలో చెంబు మెట్టు మీద పడి నీళ్ళలోకి దొర్లింది.

"నా బొమ్మెలే తిన్నయా బిడ్డా? అన్ని తిన్నయా? నీ మీద దొంగతనం పెట్టిన్రే, నా చేతులతోని చేసిన పనికి!" ఆమె నరసరాజు చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అతనికి ఏం చెయ్యాలో తోచక, "పర్లేదు మామ్మగారూ, పర్లేదు," అంటూ తనూ కళ్ళు తుడుచుకున్నాడు. ఉద్యోగం పోలేదన్న సంతోషం, ఇన్నాళ్ళ కష్టం పోయిందన్న బాధ, రెండూ ఒక్కసారే వచ్చిపడ్డాయి పాపం.

సూర్యప్రకాశరావు బూటు దులుపుకున్నాడు. "సరే. చేపే దొంగ అనుకుందాం. కానీ ఫిర్యాదు ఇచ్చిన మనిషి అదిగో, అక్కడున్నాడు. ఆయన వద్దంటే తప్ప నేను కాగితం చింపలేను. రూలు రూలే."

అందరూ పొలం గట్టు వైపు చూశారు. కొమురయ్య గట్టు దిగి వచ్చాడు గానీ కట్ట కింద ఆగిపోయాడు. భీమశంకరం రుమాలు మూట విప్పి చుట్టపీకల్ని తూము రాయి మీద వరసగా పెట్టాడు.

"ఆగిపోయారేం కొమురయ్యా? రోజూ ఎక్కే కట్టే కదా."

కొమురయ్య ఆ పీకల్ని చూశాడు. ఆయన చెయ్యి తెలియకుండానే నోట్లో చుట్ట మీదికి పోయింది. ఐలన్న నోరు తెరిచి అన్న వైపు చూశాడు.

"పొద్దుగూకంగ వచ్చేటోన్ని," అన్నాడు కొమురయ్య చివరికి. "మీరంత ఇంటికి పోయినంక. మొదలు తిట్టుకుంట కూసున్న. రెండు దినాలకు చాపలు ఎగురుడు మొదలువెట్టినయ్. గిటు ఒకటి, గటు ఒకటి. మెరిసే ఎండి బిళ్లల్లెక్క. నా తమ్ముడు మంచిపని చేసిండనిపించింది. కానీ ఎట్ల చెప్పాలె? ఒట్టు పెట్టుకుంటి గద. వాన కాలం ముదురంగనే ఎగురుడు తక్కువైంది. దినాం తక్కువైంది. నాకు సమజయింది, ఏదో అయితున్నదని. గది చెప్పాల్నంటే నేను గీడికి వస్తున్ననని చెప్పాలె."

"అందుకే చెప్పలేదు."

"చెప్పలె. చెప్తే బతికేటియి. నిన్న వల ఖాళీగ వచ్చెటాల్లకు నాకు కండ్లు కనపడలె. ఎవ్వన్నో ఒకన్ని పట్టుకొని తన్నాలె అనిపించింది. నీమీద పడ్డ రాజు సారూ." కొమురయ్య కట్ట ఎక్కి వచ్చి నరసరాజు ముందు నిలబడ్డాడు. "మట్టి మోసినోన్ని దొంగ అన్న. నా నోరు మంచిది కాదు."

నరసరాజు ఇంకా కిందే కూర్చుని ఉన్నాడు. "నేనూ మొన్ననే చెప్పాల్సిందండి," అన్నాడు. "నా గొప్ప నాకు అడ్డొచ్చింది."

కొమురయ్య ఆఫీసరు వైపు తిరిగి బొటనవేలు చూపించాడు. "సారూ, గా ఏలిముద్ర వాపస్ తీసుకుంటున్న. కాయిదం చింపుండ్రి."

కాగితం రెండు ముక్కలయింది. అప్పుడు కొమురయ్య మెట్లు దిగి తల్లి పక్కన కూర్చుని నీళ్ళలోకి చూశాడు. పెద్ద బొమ్మె వెనకాల నీళ్ళ మీద ఎర్రటి ముద్దలా ఏదో కదులుతోంది. భీమశంకరం ముందు దాన్ని కుంకుమ అనుకున్నాడు. అది వేలకొద్దీ బొమ్మె పిల్లల గుంపు.

"నాయిన బాయి పూడ్చినప్పుడే గివ్వి సచ్చిపోయినయ్ అనుకున్న అవ్వా," అన్నాడు కొమురయ్య. ఆ పెద్ద మనిషి గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోయింది. "బతికే ఉన్నయా!"

"వీటిని మాత్రం ఇక్కడ ఉంచకూడదండి," అన్నాడు నరసరాజు భయంభయంగా. "ఉంచితే మళ్ళీ..."

"ఉంచం. రేపు పొద్దుగాల నేను, నా తమ్ముడు పార పట్టుకుంటం. నాయిన బాయిల పోసిన మట్టి బయటికి తీస్తం. వాటి ఇంట్లకు అవి పోతయ్. నువ్వు మల్లా పిల్లల్ని తెప్పియ్యి. గీ పారి దినాం నేనే సూస్త, అందరి ముంగట కూసొని." కొమురయ్య చుట్ట తీసి తమ్ముడికిచ్చాడు. ఐలన్న అన్న ముందు ఎప్పుడూ పొగ తాగలేదు. మొహమాటపడుతూ తీసుకుని చేతిలోనే పట్టుకున్నాడు.

దూరంగా సైరన్ మోగింది. నరసరాజు ఉలిక్కిపడి లేచాడు. సైకిలు మీద గేటు చేరేసరికి తలుపులు వేసేస్తారు. ఆలస్యంగా వెళ్ళినా ప్రొబేషన్లో తప్పే. అతను సైకిలు వైపు పరుగెత్తబోతుంటే సూర్యప్రకాశరావు బెత్తం అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి? జీపెక్కు," అన్నాడు కరుకుగా. "నా బండికి గేటు తెరవకపోతే ఎలాగో చూస్తాను. శంకరంగారూ, రాగి తీగ కేసు, ఈ కేసు, రెండయ్యాయి. మూడోది నాదే, గుర్తుపెట్టుకోండి."

"తప్పకుండానండి," అన్నాడు భీమశంకరం. దొంగ అని తీసుకుపోవడానికి వచ్చిన జీపులో నరసరాజు ముందు సీటులో కూర్చుని డ్యూటీకి వెళ్తుంటే ఆయనకి కడుపు నిండినట్టయింది. కమలాకుమారికి సాయంత్రం చెప్పాల్సిన కబురు మనసులోనే ఒకసారి అనుకుని చూసుకున్నాడు.

లాంబ్రెట్టా స్కూటరు స్టార్ట్ చెయ్యబోతుంటే రాజవ్వ పిలిచింది. ఆమె కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి గానీ ముఖంలో నవ్వు తిరిగి వచ్చింది. చేతుల్లో పాత కుండే. మెడకి చిల్లుల గుడ్డ కొత్తగా బిగించి కట్టింది. అందులో మెట్టు దగ్గర ఎరలు వేసి ముంచిన నీళ్ళున్నాయి. నీళ్ళతోపాటు ఇంకేదో కూడా ఉంది.

"మీ ఇంట్ల బాయి ఉన్నదా బిడ్డా?"

"ఉంది అవ్వా," అని నోరు జారాడు భీమశంకరం. అబద్ధాలు పట్టుకోవడమే తప్ప ఆడటం అలవాటు లేని మనిషి.

"అండ్ల బొమ్మెలున్నయా?"

"లేవు కానీ..."

"మరి ఒట్టి నీళ్లు తాగుతున్నరా? నా కొడుకు ఏసిన నింద దులిపి పోతివి. నేను ఉత్త చేతులతోని పంపుతనా? ఆరిపోకుంట ఇంటికి పోంగనే బాయిల ఇడువు. నీ ఇల్లాలికి చెప్పు, రాజవ్వ ఇచ్చిందని."

కాదనడానికి ఆయన నోరు తెరిచాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. ఇందాక మెట్టు మీద అవే కళ్ళు ఎలా ఏడ్చాయో గుర్తొచ్చింది. నోరు మూసుకుని, కుండని రెండు చేతులా అందుకుని, స్కూటరు మీద కాళ్ళ మధ్య భద్రంగా పెట్టుకున్నాడు.

మెయిన్ రోడ్డు ఎక్కాక గానీ ఈవాళ ఏం వారమో ఆయనకి గుర్తు రాలేదు. శ్రావణ శుక్రవారం. ఈపాటికి హైమావతి మడి కట్టుకుని, పేరంటాళ్ళ కోసం శనగలు నానబోసి, ఆ బావి నీళ్ళతోనే ఇల్లు కడిగి ముగ్గు పెట్టి ఉంటుంది. తలుపు తీసి మొట్టమొదట చూడబోయేది ఈ కుండనే.

కాళ్ళ మధ్య కుండలో బొమ్మె గుడ్డకి తల కొట్టుకుని ధబ్బున దూకింది. భీమశంకరం స్కూటరు వేగం తగ్గించాడు. సంగారెడ్డి ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదనిపించింది.